రూపమునకు జ్ఞాపకము కావలెనా?

యంత్రములో ఏ భాగమును తయారుచేయవలెనన్నను ముందు దాని పటమును గీయవలెను. పైనుండి, ఎదుటినుండి, ప్రక్కనుండి కనబడు మూడు రూపములను కాగితముపై గీయుట ఇంజనీర్లకు చిరకాలపు అలవాటు. ఒక్క కొలత మారినచో మూడింటిని చెరిపి మరల గీయవలసివచ్చెడిది. ఆ భాగముతో అతుకు ఇతర భాగముల పటములను కూడ దిద్దవలసివచ్చెడిది. ఒక్కటి మరచినను కర్మాగారములో ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడెడివి కావు. ఒకచోట జరిగిన మార్పు తక్కిన భాగములకు ఎట్లు తెలియవలెను? కంప్యూటరు సాయముతో చేయు రూపకల్పన, అనగా ‘క్యాడ్’, చాలవరకు ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుచు పెరిగినది.

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి తన డాక్టరేటు పట్టమునకై ‘స్కెచ్‌ప్యాడ్’ అను ప్రోగ్రామును రూపొందించెను. టి.ఎక్స్.-2 అను కంప్యూటరు తెరపై కాంతికలముతో గీతలు గీయుట చూపరులను ఆకర్షించిన విశేషము. అంతకన్న ముఖ్యమైనవి రెండు కలవు. ‘ఈ రెండు గీతలు సమాంతరముగా ఉండవలెను’ అని నిబంధన విధించినచో యంత్రమే పటమును అందులకు తగినట్లు సవరించెడిది. ఇక, ఒక మూలచిత్రమునుండి పెక్కు ప్రతులను తీయవచ్చును; మూలము మారినచో ప్రతులన్నియు మారును. మార్పును అన్నిచోట్లకు చేర్చు పనిని యంత్రమునకు అప్పగింపవచ్చునని దీనివలన తేలినది.

స్కెచ్‌ప్యాడ్ పటములు సమతలమునకు చెందినవి. 1970 దశకములో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఇయాన్ బ్రెయిడ్, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయమున వోల్కర్, రెక్విచా మొదలగువారు ఘనరూపములను కంప్యూటరులో నిలుపు మార్గములను కనుగొనిరి. వస్తువును దాని ముఖములు, అంచులు, శీర్షములతో వర్ణించుట ఒక మార్గము. దిమ్మె, స్తూపము వంటి సరళమైన ఘనములను కలుపుచు, తీసివేయుచు వస్తువును నిర్మించుట మరియొక మార్గము.

1985లో సామ్యూల్ గైస్‌బర్గ్ స్థాపించిన పారామెట్రిక్ టెక్నాలజీ కార్పొరేషన్ 1988లో ‘ప్రో/ఇంజనీర్’ అను ప్రోగ్రామును విడుదల చేసెను. ఇది రూపమునే కాక, ఆ రూపము ఏర్పడిన క్రమమును కూడ దాచియుంచును. తలుపు మడతబందును ఉదాహరణగా తీసికొందము. ‘75 మి.మీ. పొడవుగల రేకు గీయుము. మూలలను గుండ్రము చేయుము. చివరనుండి 10 మి.మీ. దూరములో రంధ్రము వేయుము’ అను మెట్లను ప్రోగ్రాము వరుసగా గుర్తుంచుకొనును. మనము 75ను 100గా మార్చినచో, అది ఆ మెట్లనన్నింటిని మొదటినుండి మరల నడచి క్రొత్త రేకును చూపును. రంధ్రము మాత్రము చివరనుండి 10 మి.మీ. దూరముననే నిలుచును. ఒకే వస్తువు పది సైజులలో కావలసినపుడు ఇది గొప్ప సౌకర్యము.

అయితే ఈ జ్ఞాపకమునకు ఒక వెల కలదు. పదియవ మెట్టు మూడవ మెట్టులో పుట్టిన ఒక అంచుపై ఆధారపడినదనుకొనుడు. మూడవ మెట్టును తొలగించినచో పదియవది ఆధారము లేక విఫలమగును. ఆ రూపమును మొదట నిర్మించినవాడు వేరొకచోటికి వెళ్లిపోయినచో, అతడు మెట్లను అట్లేల పేర్చెనో క్రొత్తగా వచ్చినవాడు ఊహించుకొనవలసినదే. ఒక సంస్థ ప్రోగ్రామునుండి మరియొక సంస్థ ప్రోగ్రామునకు పంపినపుడు సాధారణముగా రూపము మాత్రమే చేరును. చరిత్ర దారిలోనే జారిపోవును.

అందుచేత కొందరు వేరొక దారిని పట్టిరి. 1990 దశకపు తొలినాళ్లలో వచ్చిన హ్యూలెట్-ప్యాకార్డ్ వారి ‘సాలిడ్‌డిజైనర్’, 2007లో వచ్చిన ‘స్పేస్‌క్లెయిమ్’ ఈ కోవలోనివి. వీనిలో మెట్ల వరుస ఉండదు. కనబడు ముఖమును పట్టుకొని లాగుట, నెట్టుట మాత్రమే. దీనిని ప్రత్యక్ష పద్ధతి అందురు. ఎవరు చేసిన రూపమునైనను వెంటనే దిద్దవచ్చును. కాని ‘రంధ్రము 10 మి.మీ. దూరములోనే ఎందుకుండవలెను?’ అను ఉద్దేశము అందులో నిలువదు. 2008లో సీమెన్స్ సంస్థ, 2011లో ‘క్రియో’ అను ప్రోగ్రాము రెండు పద్ధతులను ఒకచోట చేర్చుటకు పూనుకొనుట సహజమే.

భాగముల సంగతి ఇట్లుండగా, వాని కూర్పునందును రెండు మార్గములున్నవి. భాగములను విడివిడిగా చేసి తరువాత జతపరచుట ఒకటి. మొత్తము చట్రమును ముందు నిర్ణయించి, దాని కొలతలనుండి భాగములను పుట్టించుట రెండవది. బోయింగ్ 777 విమానపు భాగములను ఫ్రెంచి ప్రోగ్రామైన ‘కాటియా’తో కంప్యూటరులోనే ముందుగా కూర్చి, ఏది దేనికి అడ్డువచ్చుచున్నదో పరిశీలించిరి. ఆ విమానము 1994 జూన్ 12న తొలిసారి ఎగిరెను.

వంగు భాగములు, సాగు భాగములు ఇంకను చిక్కు తెచ్చును. పెట్టెలోని స్ప్రింగు ఒక పొడవు. యంత్రములో అణగియున్న అదే స్ప్రింగు మరియొక పొడవు. దానిని రెండు వేర్వేరు భాగములుగా గీసినచో సామానుల పట్టికలో లెక్క తప్పును. కావున భాగము ఒకటే అనియు, పొడవు మాత్రము కూర్పులో నిర్ణయమగుననియు ప్రోగ్రామునకు చెప్పవలెను.

విద్యుత్తు తీగలును ఇట్టివే. ఎయిర్‌బస్ ఎ380 విమానములో 500 కిలోమీటర్లకు మించిన తీగలు కలవు. జర్మనీలోని హాంబర్గులో కాటియా పాత సంచికను, ఫ్రాన్సులోని టూలూజ్‌లో క్రొత్త సంచికను వాడుచుండిరి. ఒకచోటి మార్పులు రెండవచోటికి సరిగా చేరలేదు. టూలూజ్‌లో తీగల కట్టలను అమర్చబోగా కొన్ని తగిన చోట్లకు అందలేదు. 2006లో ఆ సంస్థ జాప్యమును పలుమార్లు ప్రకటింపవలసివచ్చెను. తొలి విమానము 2007 అక్టోబరు 15న గాని సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందలేదు. పాతకాలపు కాగితపు పటముల చిక్కే ఇక్కడ క్రొత్త వేషములో ఎదురైనది.

ఏ పద్ధతి మేలు అను ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. దీనిని రేపు ఎవరు మార్చుదురు, ఏ కొలతను మార్చుదురు, వారికి దీని పుట్టుక తెలియునా అని ముందు అడుగవలెను. పలు సైజులు కావలసినచో చరిత్రగల పద్ధతి తగును. పరాయివారు పంపిన రూపమును దిద్దవలసినచో ప్రత్యక్ష పద్ధతి తగును. పలుచోట్ల పనిచేయువారు మొదటనే ఒకే పద్ధతికి కట్టుబడవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో అట్టముక్కతో చూపవచ్చును. ఒక జట్టుకు రేకును కత్తిరించు మెట్ల జాబితాను, రెండవ జట్టుకు కత్తిరించిన రేకును మాత్రమే ఇవ్వుడు. రంధ్రముల దూరము చెడకుండ రెట్టింపు పొడవుగల రేకును చేయుమని అడుగుడు. తరువాత ఒక మూలను ఏటవాలుగా కోయుమనుడు. మొదటి పనిలో ఏ జట్టు గెలుచునో, రెండవ పనిలో ఏ జట్టు గెలుచునో విద్యార్థులే చెప్పగలరు.