వారిసు వేలై అనే మాట గురించి

మన కుటుంబాల్లో సర్వీసులో ఉండగా ఎవరైనా పోతే, పదకొండో రోజు దాటకముందే ఒక ప్రశ్న వస్తుంది: "వారిసు వేలై ఎవరికి?" తమిళంలో ఆ ఉద్యోగానికి ఆ పేరు స్థిరపడిపోయింది. వారిసు అంటే వారసుడు. తహశీల్దారు ఇచ్చే కాగితం కూడా వారిసు సర్టిఫికెట్టే. దాంతో ఉద్యోగం కూడా ఇల్లు, పొలం లాగా పంచుకునే ఆస్తి అనుకుంటారు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు నేను చూశాను.

ఉద్యోగం నిజంగానే ఆస్తిగా నడిచిన కాలం ఒకటుంది. మద్రాసు రాజధానిలో 1895 నాటి చట్టం ప్రకారం గ్రామ మునసబు, కరణం పనులు వంశపారంపర్యం. రాజ్యాంగం వచ్చాక కూడా అది ఆగలేదు. గుంటూరు జిల్లాలో పెరవలి గ్రామాన్ని విడదీసి పెరవలిపాలెం అని కొత్త గ్రామం చేశారు. దానికి మునసబు కావాలి. మొదట ఒకరిని వేశారు. తర్వాత కలెక్టరు, పాత మునసబు కొడుకన్న కారణంతో ఇంకొకరికి ఇచ్చారు. మొదటాయన ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అదే గాజుల దశరథరామారావు కేసు. వంశం చూసి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం 16(2) అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఆ తర్వాత కూడా పాత మునసబులు, కరణాలు చాలా ఏళ్ళు కొనసాగారు. తమిళనాట 1980లో ఎం.జి.ఆర్., ఆంధ్రలో 1984లో ఎన్.టి.ఆర్. ఆ పదవులను తీసేశారు.

మరి తండ్రి పోతే కొడుక్కి ఉద్యోగం ఎలా ఇస్తున్నారు? అదీ వంశమే కదా? ఈ ప్రశ్న 1993లో ఆడిటర్ జనరల్ కేసులో వచ్చింది. కొడుకు అన్న ఒక్క కారణంతో ఇస్తే చెల్లదు, సంపాదించే మనిషి సర్వీసులో పోయి, కుటుంబానికి దిక్కు లేకపోతే ఇవ్వవచ్చు అంది కోర్టు. 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో ఇంకా గట్టిగా చెప్పారు: ఇది హక్కు కాదు, హఠాత్తుగా వచ్చిన కష్టం నుంచి గట్టెక్కించడానికి మాత్రమే, అదీ కింది తరగతి పోస్టుల్లోనే. పోయిన మనిషి పెద్ద ఆఫీసరైనా సరే, ఆ హోదా పిల్లలకు రాదు.

మా రైల్వే వాళ్ళకు ఈ తేడా చేదుగానే తెలిసింది. 2004లో డ్రైవర్లకు, గ్యాంగ్‌మన్లకు ఒక స్కీము పెట్టారు. ముందుగా రిటైరైతే కొడుక్కి ఉద్యోగం. 2010లో దాన్ని పెంచారు, పేరు లార్స్‌గెస్. ఎండలో పట్టాల మీద పనిచేసి మోకాళ్ళు అరిగిన గ్యాంగ్‌మన్‌కు అది దేవుడిచ్చిన వరం. కానీ అక్కడ ఎవరూ చనిపోలేదు, ఉద్యోగం మాత్రం చేతులు మారింది. పంజాబ్, హర్యానా హైకోర్టు 2016లో తప్పుపట్టింది. 2017లో ఆపి, తర్వాత పూర్తిగా ఎత్తేశారు. యూనియన్లు ఎంత అరిచినా, నాకైతే పెరవలిపాలెం తీర్పు చదివితే ఆ ముగింపు ముందే కనిపిస్తుంది.

ఇంట్లో వాళ్ళు మర్చిపోయే విషయం ఇంకొకటి. ఈ ఉద్యోగంలో చేరేవాడు మిగతా కుటుంబాన్ని పోషిస్తానని రాసివ్వాలి. ఆస్తి తీసుకునేవాడి దగ్గర ఎవరైనా అలా రాయించుకుంటారా? తల్లిని వదిలేస్తే ఆ కాగితం తీసి ఆఫీసులో ఫిర్యాదు చేయవచ్చు.

పెద్ద కొడుక్కి పెళ్ళయ్యాక చూద్దాం, చిన్నవాడు డిగ్రీ ముగించనీ అని వాయిదా వేసేవాళ్ళు నాగ్‌పాల్ తీర్పును గుర్తుపెట్టుకోవాలి. ఇన్నేళ్ళు బతికారు కదా, ఇంక కష్టమెక్కడ అని ఆఫీసు వాళ్ళే అడుగుతారు. ఆఫీసు వల్ల ఆలస్యమైతే మాత్రం వేరే మాట. 1989లో సుష్మా గోసాయిన్ అనే వితంతువు కేసులో, అలా ఏళ్ళ తరబడి తిప్పడం తప్పనీ, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఇవ్వాలనీ సుప్రీంకోర్టు అంది. ఆమె ఉద్యోగం అడిగింది తనకే. మన ఇళ్ళల్లో నలభై ఏళ్ళ వదినకో చెల్లెలికో ఆ దరఖాస్తు ఫారం చూపించేవాళ్ళు కూడా తక్కువ. ముందు ఆమెను అడగండి.