ఆగ్రా చేరకముందే సగం తేలిపోయిన తఖ్త్ పోరు

మొఘల్ తఖ్త్ కోసం షాజహాన్ కొడుకులు నలుగురూ కొట్టుకున్నారని స్కూల్లో అందరం చదివిందే. ఆ పాఠంలో ఎక్కువగా వినిపించే యుద్ధం ఒక్కటే, 1658 వేసవిలో ఆగ్రా దగ్గర జరిగిన సామూగఢ్. దారా షికోహ్ ఏనుగు దిగాడు, సైన్యం చెదిరిపోయింది, ఔరంగజేబు గెలిచాడు. కానీ దారా ఓటమికి సగం కారణం అంతకు ముందే, ఆగ్రాకు చాలా దూరంలో జరిగిన రెండు యుద్ధాల్లో ఉంది. వాటి పేర్లు బహదూర్‌పూర్, ధర్మత్.

1657 సెప్టెంబర్‌లో షాజహాన్ ఢిల్లీలో జబ్బుపడ్డాడు. జనానికి కనబడకపోయేసరికి చనిపోయాడని పుకారు పుట్టింది. పెద్ద కొడుకు దారా తండ్రి దగ్గరే ఉన్నాడు. బెంగాల్‌లో షుజా, గుజరాత్‌లో మురాద్ బఖ్ష్ ఎవరికి వారు పాదుషాలమని ప్రకటించుకున్నారు. దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు మాత్రం తొందరపడలేదు. ఉత్తరాలు రాస్తూ, తోపులు సమకూర్చుకుంటూ ఉన్నాడు.

గండికోట తోపులు

తెలుగు నేల ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. గోల్కొండ కొలువులో పెద్ద పదవి చేసిన వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లా 1650లో గండికోట గెలిచి, యూరప్ గన్నర్లను పెట్టుకుని అక్కడ తోపులు పోయించాడు. తర్వాత కుతుబ్ షాతో చెడింది. ఆ గొడవే సాకుగా 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు, మీర్ జుమ్లా మొఘల్ కొలువులో చేరిపోయాడు. 1658 మొదట్లో ఆయన్ని దర్బారుకు రమ్మని హుకుం వస్తే, ఔరంగజేబు ఆయన్ని అరెస్టు చేసి దౌలతాబాద్ కోటలో పెట్టాడు. ఇద్దరూ కలిసి ఆడిన నాటకమే అని చాలామంది చరిత్రకారుల మాట. ఏదైతేనేం, ఆయన సొమ్మూ, తోపులూ ఔరంగజేబు లష్కర్‌కు దక్కాయి.

కాశీ దగ్గర గెలుపు, ఉజ్జయిని దగ్గర ఓటమి

షుజా గంగ వెంట పైకి వస్తుంటే దారా తన కొడుకు సులేమాన్ షికోహ్‌ను ఎదురు పంపాడు. కుర్రాడికి అప్పుడు 22 ఏళ్ళు. వెంట మీర్జా రాజా జైసింగ్ ఉన్నాడు. 1658 ఫిబ్రవరిలో కాశీకి దగ్గర్లోని బహదూర్‌పూర్‌లో తెల్లవారుజామునే షుజా దండు మీద పడ్డారు. షుజా ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లేచి ఏనుగెక్కి, ఎలాగో పడవల దగ్గరికి చేరి తప్పించుకున్నాడు.

ఇది దారాకు పెద్ద గెలుపే. కానీ చిక్కు కూడా దాంట్లోనే ఉంది. సులేమాన్ షుజాను తరుముతూ ముంగేర్ వైపు వెళ్ళిపోయాడు. దారా మంచి సైన్యమంతా తూర్పున ఉండిపోయింది.

అక్కడ మాల్వాలో ఔరంగజేబు, మురాద్ కలిసిపోయారు. వాళ్ళను ఆపడానికి మార్వాడ్ రాజా జస్వంత్ సింగ్, ఖాసిం ఖాన్ వెళ్ళారు. షహజాదాలను వీలైతే యుద్ధం లేకుండానే వెనక్కి పంపమని పాదుషా మాట. కొడుకుల మీద కత్తి ఎత్తాలా వద్దా తేల్చుకోలేని సైన్యం అది. ఏప్రిల్‌లో ఉజ్జయినికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ధర్మత్ దగ్గర తలపడ్డారు. రాజపుత్రులు గుర్రాల మీద నేరుగా తోపుల మీదికి దూకారు. తోపుల అధికారి ముర్షిద్ కులీ ఖాన్ అక్కడే చనిపోయాడు. దక్కన్‌లో భూమి కొలిపించి శిస్తు పద్ధతి సరిచేసిన మనిషి ఈయనే. యుద్ధంలో పోయినవాళ్ళలో దక్కన్ రైతుకు ఎక్కువ నష్టం ఈయన చావుతోనే అనాలి. ముందుకు దూకినవాళ్ళకు వెనక నుంచి సాయం రాలేదు. ఖాసిం ఖాన్ బలగం పెద్దగా కదల్లేదు. కోటా పాలకుడు ముకుంద్ సింగ్ హాడా, రత్లాం పాలకుడు రతన్ సింగ్ రాథోడ్ ప్రాణాలు వదిలారు. జస్వంత్ సింగ్ జోధ్‌పూర్ దారి పట్టాడు.

ధర్మత్ కబురు అందాక సులేమాన్ షుజాతో హడావుడిగా రాజీ చేసుకుని వెనుదిరిగాడు. దారిలో ఉండగానే సామూగఢ్ అయిపోయింది. జైసింగ్ అతన్ని వదిలి ఔరంగజేబు వైపు వెళ్ళిపోయాడు.

మామ ఒకవైపు, అల్లుడు ఒకవైపు

ఈ పోరును హిందూ ముస్లిం తగాదాగా చెప్పేవాళ్ళు ఇవాళ తక్కువేం లేరు. వెయ్యి జాత్, ఆపైన మన్సబ్ ఉన్నవాళ్ళలో దారా వైపు 24 మంది, ఔరంగజేబు వైపు 21 మంది హిందువులని చరిత్రకారుడు ఎం. అతహర్ అలీ లెక్క తీశారు. 1659 జనవరిలో ఖజ్వా దగ్గర షుజాతో యుద్ధానికి ముందు రాత్రి జస్వంత్ సింగ్ ఔరంగజేబు శిబిరాన్నే దోచుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి ఆయన ఔరంగజేబు కొలువులో ఉన్నాడు! అయినా షుజా ఓడిపోయాడు.

ఆ జస్వంత్ సింగ్ మాట నమ్మే దారా అజ్మీర్ వచ్చాడు. జైసింగ్ ఉత్తరాలతో జస్వంత్ మనసు మారింది, సాయం రాలేదు. 1659 మార్చిలో అజ్మీర్ పక్కన దౌరాయి కనుమలో దారా కందకాలు తవ్వి నిలబడ్డాడు. రాజా రాజ్‌రూప్ కొండ సైనికులు వెనక వైపు నుంచి గుట్ట ఎక్కేదాకా ఆ వరుస చెక్కుచెదరలేదు. దారా తరఫున అక్కడ చనిపోయిన షా నవాజ్ ఖాన్ ఎవరో కాదు, ఔరంగజేబు బేగం దిల్‌రస్ బానూ తండ్రి. అల్లుడి వెంట రానన్నందుకు మొదట బుర్హాన్‌పూర్‌లో ఖైదు అనుభవించినవాడు.

దారాను 1659లోనే పట్టుకుని చంపారు. షుజా అరకాన్ పారిపోయాడు. మురాద్ గ్వాలియర్ కోటలో ఖైదై, తాను లోగడ చంపిన దివాన్ అలీ నఖీ ఖూనీ కేసులో 1661లో ఖిసాస్ కింద ప్రాణం పోగొట్టుకున్నాడు. ధర్మత్ దగ్గర ఔరంగజేబు పెట్టిన ఫతేహాబాద్ అన్న పేరు ఇప్పటికీ అక్కడి రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉంది. ఖజ్వాలో వేయించిన బాగ్ బాద్‌షాహీ తోట ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్ జిల్లాలో ఉంది.