సికిందరాబాదు దండులోని అధికారుల క్లబ్బు

కృష్ణానదికి ఎడమగట్టున, నల్లగొండ మండలపు దక్షిణపుటంచున నందికొండ యున్నది. దాని కావలిగట్టున, నేడు నాగార్జునసాగర జలాశయమున మునిగియున్న లోయలో, క్రీస్తుశకము మూడవ నాలుగవ శతాబ్దములందు ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి వెలసియుండెను. 1926లో ఆ లోయలోని శిథిలములు పండితుల కంటబడినపిమ్మట వెలువడిన ప్రాకృత శాసనములలో మహాసేనాపతి, మహాతలవర, మహాదండనాయక యను బిరుదములు పలుమారులు కానవచ్చును. మహాసేనాపతియు మహాతలవరుడును అగు ఖందసిరి భార్యయు, చాంతమూల మహారాజు సోదరియు అగు చాంతిసిరి, వీరపురుషదత్తుని ఆరవ రాజ్యవర్షమున మహాచైత్యమును పూర్తి చేయించెను. యుద్ధములందు పడిన సేనానులకు ఛాయాస్తంభములు నిలుపబడెను. ఆ శాసనములందు సేనాధికారుల కుటుంబములు దాతలుగా కానవచ్చుచున్నవి.

ఆ తెలంగాణపు మెట్టసీమయందే, నందికొండకు వాయవ్యముగా సుమారు 150 కిలోమీటర్ల దూరమున, పందొమ్మిదవ శతాబ్దమునందు మఱియొక తెగ సేనాధికారులు దండు విడిసి వసించిరి. తమ విశ్రాంతికై వారొక క్లబ్బును స్థాపించుకొనిరి. సికిందరాబాదు క్లబ్బను పేర అది నేటికిని నిలిచియున్నది. పైపైని చూచువారికి దాని చరిత్ర ఆటపాటల చరిత్రగా తోచును. గాని ఆ దండు ఎవరి సొమ్ముతో నిలిచెను, ఆ క్లబ్బు తలుపులు ఎవరికి తెరవబడెను అను రెండు ప్రశ్నలు వేసి చూచినచో, అది దక్కను రాజకీయచరిత్రలో నొక ముఖ్యభాగముగా తేలును.

1798వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజాం అలీఖానుతో ఈస్టిండియా కంపెనీవారు చేసికొనిన ఒడంబడికచే, ఆరు పటాలముల కంపెనీసేన హైదరాబాదు రాజ్యమున నిలుపబడెను. దాని వ్యయమునకై నిజాము ఏటేట 24,17,100 రూపాయలు చెల్లింపవలసివచ్చెను. సుమారు రెండేండ్లకు సేన పెరిగెను. సొమ్మునకు బదులుగా భూమిని అడిగిరి. 1800వ సంవత్సరమున నిజాము మైసూరు యుద్ధములవలన తనకు సంక్రమించిన బళ్లారి, కడప మున్నగు సీమలను కంపెనీ కిచ్చివేసెను. దత్తమండలములను పేరు వానికి అందువలననే కలిగెను. హుసేనుసాగరమునకు ఉత్తరమున విడిసిన ఆ సేనయొక్క నివేశమునకు, 1806లో, నాటి నిజామగు సికందర్ జా పేరిట సికిందరాబాదని నామకరణమయ్యెను. కావున ఆ దండుకై మొదట వ్యయమైనది తెలుగునేలయే యని చెప్పవలెను.

ఇది యొక సేన. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలమున నిజాము ఖర్చుపై, ఆంగ్లేయాధికారుల క్రింద, మఱియొక సేన యేర్పడెను. మొదట రస్సెల్ బ్రిగేడుగా నుండి పిమ్మట హైదరాబాదు కంటింజెంటని పేరొందిన ఈ సేనకు బొల్లారము ముఖ్యస్థానము. దీని జీతములు పేరుకొని పేరుకొని పెద్ద ఋణమయ్యెను. 1853వ సంవత్సరము మే 21వ తేదీన, ఆ ఋణమునకును ముందటి వ్యయములకును గాను, బేరారును రాయచూరు అంతర్వేదిని ధారాశివమును నిజాము కంపెనీ పాలనకు అప్పగించెను. ఒక సేనకై దత్తమండలములు, ఇంకొక సేనకై బేరారు పోయినవి. సికిందరాబాదు, బొల్లారము మైదానములందు కవాతు చేసిన పటాలముల వెనుక ఈ లెక్క యున్నది.

దండు ఊరుగా మారుటకు ఎక్కువకాలము పట్టలేదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణ దాటి పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరెను. ఆయన తన యాత్రాచరిత్రమున ఈ దండును గూర్చియు వ్రాసెను. 1857వ సంవత్సరము జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీనుల నాయకత్వమున రెసిడెన్సీపై దాడి జరిగెను. అది విఫలమయ్యెను గాని ఆంగ్లేయుల మనస్సులలో భయము నాటుకొనెను. తిరుమలగిరిలో కందకముతో కూడిన దుర్గమొకటి అటుపిమ్మట నిర్మింపబడెను. ఊరిజనమునకు దూరముగా, తమలో తాము కలిసి యుండవలెనను కోరిక అధికారులలో బలపడిన కాలమది.

ఆ కోరికకు తగిన ఏర్పాటు వారి దేశాచారమునందే యుండెను. నెపోలియనుతోడి యుద్ధములు ముగిసిన 1815లో సేనాధికారులకై లండనునందు యునైటెడ్ సర్వీసు క్లబ్బు స్థాపింపబడెను. ఈ దేశమున కలకత్తాలో బెంగాలు క్లబ్బు 1827లోను, చెన్నపట్టణపు క్లబ్బు 1832లోను వెలసెను. 1868లో బెంగుళూరునందు యునైటెడ్ సర్వీసు క్లబ్బు ఏర్పడెను. ఇట్టి క్లబ్బులలో చేరగోరువాని పేరును ఒక సభ్యుడు ప్రతిపాదింపవలెను, మఱియొకడు బలపఱుపవలెను. పిమ్మట సభ్యులు రహస్యముగా తమ సమ్మతిని తెలుపుదురు. అనేక క్లబ్బులలో ఇందులకు తెల్లగుండ్లు నల్లగుండ్లు వాడెడివారు. పెట్టెలో నల్లగుండ్లు కొలదిగా పడినను కోరినవానికి ప్రవేశము లేదు. కారణము చెప్పనక్కఱలేదు, అడుగుటకు వీలును లేదు. క్లబ్బుయొక్క బలమంతయు ఈ పెట్టెలోనే యుండెను.

సికిందరాబాదులో ఇట్టి సంస్థ 1878వ సంవత్సరమున ఏర్పడెను. మొదట దానికి పబ్లిక్ రూమ్సు అని పేరు. పిమ్మట గారిసన్ క్లబ్బు, జింఖానా క్లబ్బు, యునైటెడ్ సర్వీసు క్లబ్బు అను పేర్లును దానికి వచ్చినవి. సభ్యులలో పెక్కురు సైనికాధికారులు. నిజాము ప్రభుత్వమునందలి ఉన్నతోద్యోగులలో ఏ కొద్దిమందికో ప్రవేశము లభించెడిది. మొదటి పేరునందు ‘పబ్లిక్’ అను మాట యున్నను ఆ గదులు సర్వజనులవి కావు.

క్లబ్బునకు ఇంతకంటె విశాలమైన తావు కావలసివచ్చినప్పుడు నిజాము దివానగు మొదటి సాలారుజంగు దండు సమీపమున నున్న తన వేటబంగళాను ఇచ్చెనని క్లబ్బువారి సంప్రదాయము. దీనిని కేవల మర్యాదగా తీసికొనుటకు ముందు ఆ దివాను స్థితిని తెలిసికొనవలెను. మీర్ తురాబ్ అలీఖాను 1853లో, బేరారు పోయిన కొలది దినములలోనే, ఇరువది నాలుగేండ్ల వయస్సున దివానయ్యెను. 1857లో ఆయన ఆంగ్లేయుల పక్షమున గట్టిగా నిలిచెను. దానికి ఫలముగా 1860లో రాయచూరు అంతర్వేదియు ధారాశివమును తిరిగి వచ్చినవి; సురపురము నిజామునకు లభించెను; బేరారు మాత్రము రాలేదు. అటుపిమ్మట బేరారును తిరిగి పొందుటయే ఆయన జీవితమున ముఖ్యలక్ష్యమయ్యెను. ఎన్నియో విజ్ఞాపనలు పంపెను. 1876లో ఇంగ్లండునకు పోయెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆయనకు బిరుదమిచ్చి గౌరవించెను. సన్మానములు జరిగినవి గాని బేరారు ఊసెత్తినంతనే ముఖములు మాడినవి. బాలుడైన నిజాము మహబూబ్ అలీఖాను పెద్దవాడగు వఱకు ఆ విషయమును చర్చింపబోమని కడకు సమాధానము వచ్చెను.

పబ్లిక్ రూమ్సు ఏర్పడినది ఈ నిరాశాకాలముననే. ఏ సేన జీతమునకై తన ప్రభువు బేరారును కోల్పోయెనో, ఆ సేనాధికారుల వినోదమునకు దివాను తన యింటినే యిచ్చెను. దీనిని దాస్యమని కొందఱనవచ్చును, రాజనీతియని మఱికొందఱనవచ్చును. రెండవదియే సత్యమునకు దగ్గఱగా నున్నది. సాలారుజంగు తన విధానమునంతయు ఆంగ్లేయుల మైత్రిపై నిలిపియుండెను. కలహమునకు తగిన బలము ఆయనకు లేదు. కావున ఇల్లు ఇచ్చినవాని మనస్సున బేరారు లేదనుట కష్టము. అయినను ఆయన ఎదురుచూచిన ప్రతిఫలము రాలేదు. 1883వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన ఆయన మరణించునప్పటికి బేరారు ఆంగ్లేయులయొద్దనే యుండెను.

వచ్చిన ప్రతిఫలము వేఱు. సాలారుజంగు సంతతివారికి రహస్యసమ్మతి లేకయే, ప్రవేశరుసుము లేకయే సభ్యత్వ మీయవలెనని క్లబ్బు నిబంధనలలో చేర్చుకొనిరి. ఇది కృతజ్ఞతయే, కాదనరాదు. కాని ఒక్క వంశమునకు పెట్టె యెదుట నిలువనక్కఱలేని హక్కు నిచ్చుటలోనే, తక్కిన దేశీయులందఱి యెదుట ఆ పెట్టె యెంత బలముగా నిలిచియుండెనో వెల్లడియగుచున్నది. మినహాయింపు గొప్పదగుకొలది నియమము కఠినమైనదని తెలియును.

ఆ నియమమునకు వెలుపల నున్నవారిలో ఆ సేననే మోసినవారు కలరు. ఉత్తరదేశమున కంపెనీ సిపాయిని తిలంగా యని పిలిచెడివారు. మొదటి పటాలములందు తెలుగువారు విశేషముగా నుండుటచే ఒక జాతి పేరే సిపాయికి పేరయ్యెను. అట్టివాడు సుబేదారై, తెల్లజుట్టు వచ్చువఱకు సేవచేసి పతకములు పొందినను, ఆంగ్లేయాధికారుల మెస్సునందు కూర్చుండుటకు అర్హుడు కాడు. భారతీయులకు సాండ్‌హర్స్టు సైనికవిద్యాలయమున ఏటికి పది స్థానము లేర్పడినది 1918లోనే. అంతవఱకు అధికారుల క్లబ్బనగా ఆంగ్లేయుల క్లబ్బనియే అర్థము.

ఆ కాలపు దండుజీవితమునకు పోలో ఆట ప్రాణము. 1896వ సంవత్సరము నవంబరులో బెంగుళూరునుండి వచ్చిన నాలుగవ హుస్సార్ల పటాలము, ఈ దేశమున దిగి రెండు నెలలైన కాకమునుపే, హైదరాబాదునందు గోలకొండ కప్పును గెలిచెను. ఆ జట్టులోని యువకుడు విన్‌స్టన్ చర్చిల్. ఆయన బెంగుళూరు క్లబ్బునకు 13 రూపాయలు బాకీపడినట్లు 1899 నాటి లెక్కల పుస్తకమున నున్నది. దానిని ఆ క్లబ్బువారు నేటికిని వేడుకగా చూపుదురు. అధికారి బాకీ వేడుకయయ్యెను. నిజాము బాకీకి ఒక రాష్ట్రము పోయెను. ఇట్లుండగా హైదరాబాదు నగరమున 1884లో నిజాము క్లబ్బు వెలసెను. సాగరమున కుత్తరమున దండు క్లబ్బు, దక్షిణమున నగరప్రముఖుల క్లబ్బు: రెండు లోకములకు రెండు విడిదులు.

1902వ సంవత్సరము నవంబరులో కర్జను ప్రభువు ఒత్తిడిచే నిజాము, ఏటికి 25 లక్షల రూపాయలకు, బేరారును శాశ్వతముగా కౌలున కిచ్చెను. సాలారుజంగు ఆశ అంతటితో ముగిసెను. కంటింజెంటు ప్రత్యేకసేనగా లేకుండబోయి 1903లో ఆంగ్లేయ భారతసేనలో కలిసెను. దాని ఆశ్వికదళములలో నొకటి 20వ డెక్కను హార్సని పేరొందెను. ఆ 1903లోనే క్లబ్బునకు సికిందరాబాదు క్లబ్బను పేరు స్థిరపడెను. ఈ రెంటికి కార్యకారణసంబంధము కలదని చెప్పుటకు ఆధారము లేదు. కాని ఏ ఋణమునకై బేరారు పోయెనో ఆ సేన పేరు మాసిపోయిన యేటనే ఆ యింటికి శాశ్వతనామము కుదురుట గమనింపదగినది.

1948వ సంవత్సరము సెప్టెంబరులో భారతసేన హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. తూర్పుననుండి వచ్చిన దళములు నల్లగొండ మండలమున సూర్యాపేట మార్గమున సాగివచ్చినవి. 18వ తేదీన నిజాము సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయెను. దండు భారతసేనయొక్క దండయ్యెను. క్లబ్బునందు భారతీయ సేనాధికారులును, క్రమముగా వివిధవృత్తుల పౌరులును నిండిరి. ప్రతిపాదనము, నిరీక్షణము, సమ్మతి యను ఏర్పాట్లు మాత్రము పోలేదు. ద్వారపాలకులు మారిరి గాని ద్వారము నిలిచెను.

2022వ సంవత్సరము జనవరి 16వ తేదీన, సంక్రాంతి దినములలో, తెల్లవాఱకమునుపే నిప్పంటుకొని క్లబ్బు ప్రధానభవనము కాలిపోయెను. ప్రాణనష్టము కలుగలేదు. ఒక శతాబ్దమునకు మించి నిలిచిన దూలములు, కప్పులు కొన్ని గంటలలో కూలినవి.

విజయపురిని నీరు ముంచకమునుపు పండితులు త్రవ్వి చూచిరి. స్తంభములను శాసనములను ద్వీపముపై నిలిపిరి. అందువలననే చాంతిసిరి యేమి యిచ్చెనో నేటికిని చదువవచ్చును. సికిందరాబాదు దండు చరిత్రకు అట్టి శిలాశాసనము లేదు. దానమిచ్చిన దివాను పేరు క్లబ్బు నిబంధనలో నిలిచెను. దత్తమండలముల రైతు పేరు గాని, బేరారు పన్నుదారుని పేరు గాని, మెస్సు గుమ్మము దాటని సుబేదారు పేరు గాని అందులేదు. వారి వంతును గూడ చేర్చి వ్రాసినప్పుడే ఆ యింటి చరిత్ర పూర్తియగును.