రాజముద్ర గల రాగి కడియము

ఎస్తేరు గ్రంథములో రాజు తన ఉంగరమును మొదట హామానునకు, పిమ్మట మొర్దెకైకి ఇచ్చుట మనమెరిగినదే. అది సొమ్ము కాదు, అధికారము. దానితో ముద్ర వేసిన తాకీదును ఎవరును మార్చజాలరు. మన కృష్ణాతీరపు రాజులకును ఇట్టి ముద్రలుండెను. కాని వారు వానిని రాగిరేకుల కడియములకు తగిలించిరి.

భూమి దానము చేసిన రాజు ఆ పత్రమును రేకులపై చెక్కించి, ఎడమప్రక్క రంధ్రము చేయించి, అన్నిటికి ఒకే కడియము గ్రుచ్చి, దాని రెండు కొనలను ముద్ర అడుగున అతికించెడివాడు. ఒక రేకు తీయవలెనన్నను, దొంగరేకు చేర్చవలెనన్నను కడియము కోయక తప్పదు. కోసిన గుర్తు దాగదు. నేటి రిజిస్ట్రారు ఆఫీసు సీలుకంటె ఇది గట్టిదని మాకు తోచుచున్నది!

తెనాలి ప్రాంతపు కొండముదిలో దొరికిన జయవర్మ శాసనము ఇట్టిదే. దాదాపు 1700 ఏండ్ల నాటిది. ముద్రపై త్రిశూలము, విల్లు, నెలవంక ఉన్నవి. శాసనము ప్రాకృతము, ముద్రపై మాటలు మాత్రము సంస్కృతము. బృహత్ఫలాయన గోత్రీకుడైన ఆ రాజు కూదూరులోని తన అధికారికి ఆజ్ఞ పంపెను. ఆ కూదూరు మన బందరు ప్రక్కనున్న గూడూరేనని పలువురు పండితుల మతము. కూదూరాహారమను ఆ సీమ పేరే తరువాత గుద్రవారమై చాళుక్య శాసనములలో కనబడును. దానిని గుడివాడతో ముడిపెట్టువారును కలరు.

దానమిచ్చిన ఊరిలో రాజభటులు ప్రవేశింపరాదు, ఉప్పుకై నేల త్రవ్వరాదు అని జయవర్మ ఆజ్ఞ. ఉప్పునేలలెరిగిన దివిసీమవారికి దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

వేంగి చాళుక్యుల కడియములపై వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, పద్మము, నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదము ఉండును. బందరు పేరుతోనే అచ్చయిన వారి శాసనములు కొన్ని కలవు.

వీటిలో దానము పుచ్చుకొన్నవారి పేర్లు, గోత్రములు చక్కగా చెక్కిరి. ఆ పొలము దున్నినవారి పేర్లు మేము వెదకితిమి, కానరాలేదు. మన సంఘముల పూర్వికులలో పెక్కురు అట్టివారే గదా.

ఇట్టి రేకులు అనేకము నాగలికి తగిలియో, పునాదులు త్రవ్వునప్పుడో బయటపడినవే. రాగి ధరకు అమ్మిన కరగిపోవును. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల దానిని కలెక్టరుకు తెలుపవలెను. తెలుపువరకు కడియమును కోయకుడు.