బోరు కొట్టించాలా, ఇంజను మార్చాలా?

బండి ఉన్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. సైలెన్సరు నీలం పొగ వదులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది. పోసిన ఆయిలు పోసినట్టే ఖర్చయిపోతుంది. మేస్త్రి చూసి ఇంజను దింపాలంటాడు. దింపిన తర్వాత ఏం చెయ్యాలి? అదే ఇంజనుకు బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించాలా? లేక దాన్ని పక్కన పెట్టి అంతకంటే బలమైన ఇంజను ఎక్కించాలా? బళ్లారిలో గానీ, సరిహద్దుకు ఇవతల ఆదోని, ఆలూరు, రాయదుర్గంలో గానీ, బండి కిరాయి మీద బతికే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. అందుకని, వెనకటి కాలాల్లో ఈ ప్రశ్నకు ఎవరెవరు ఏ జవాబు చెప్పారో ఈరోజు చెప్పుకుందాం.

బళ్లారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సుల ఇంజన్లు బాగానే ఉన్నాయి, వాటికి పోసే పెట్రోలే కరువైంది. అప్పుడు బస్సు వెనక ఒక బొగ్గు పొయ్యి అమర్చి, అందులో పుట్టే వాయువుతో అదే పెట్రోలు ఇంజనును నడిపారు. పెద్దవాళ్లు చెప్పే బొగ్గు బస్సులు ఇవే. ఆ వాయువులో ప్రధానంగా మండేది కార్బన్ మోనాక్సైడు. దానికి తోడు మండని నైట్రోజను సగానికి సగం ఉంటుంది. అందువల్ల ఇంజను బలంలో మూడో వంతుకు పైగా పోయేది. పైగా వడపోతకు లొంగని సన్నని బూడిద సిలిండర్లలోకి చేరి, రింగులనూ గోడలనూ అరగదీసేది. ఇంజను మార్చకుండానే గండం గట్టెక్కారు గానీ, యుద్ధం ముగిసేనాటికి అరిగిపోయిన ఇంజన్లు మిగిలాయి.

సరిగ్గా అప్పుడే రెండో జవాబు దొరికింది. ఇంగ్లండులోని పీటర్‌బరోలో ఫ్రాంక్ పెర్కిన్స్ 1932లో స్థాపించిన కంపెనీ ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను ఒకటి తయారు చేసింది. దాని పేరు పి6. పెట్రోలు లారీ బానెటు కింద అమరేటంత పొందికగా ఉండటం దాని గొప్ప. 1950లలో మద్రాసులోని సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ ఇంజన్ల తయారీ చేపట్టింది. పాత ఫోర్డు, షెవర్లే, ఫార్గో లారీల యజమానులకు కొత్త దారి కనిపించింది. పెట్రోలు ఇంజను దింపేసి, ఆ స్థానంలో డీజిలు ఇంజను ఎక్కించవచ్చు. డీజిలు ఇంజను గాలిని ఎక్కువగా అదిమి మండిస్తుంది కనుక, అదే బరువును తక్కువ ఇంధనంతో లాగుతుంది. పత్తి, వేరుశనగ, ఇనుప ఖనిజం మోసే నేలలో ఈ లెక్కకు విలువ ఎక్కువ. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రానికీ, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ వెళ్లాయి. రాష్ట్రాలు వేరైనా సరుకు మోసే లారీకి ఇంధనం లెక్క ఒక్కటే.

ఇక కార్ల సంగతి. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌ను 1957లో మొదలుపెట్టి 2014 దాకా తయారు చేసింది. ఒంటిలో పెద్ద మార్పు లేకుండానే గుండెను పలుమార్లు మార్చుకున్న బండి అది. చాలాకాలం నడిచింది 1489 సీసీ పెట్రోలు ఇంజను. 1980 ప్రాంతంలో అంతే పరిమాణపు డీజిలు ఇంజను వచ్చింది. పరుగు నెమ్మది, అయినా మిగులు బాగుండటంతో టాక్సీలవాళ్లు ఆదరించారు. 1990ల తొలినాళ్లలో జపాను ఇసుజు వారి 1817 సీసీ పెట్రోలు ఇంజను, దానితో అయిదు గేర్ల పెట్టె వచ్చాయి.

మన ప్రశ్నకు అసలైన పాఠం మాత్రం కాంటెస్సా కారుది. 1984లో అదే కంపెనీ తెచ్చిన ఈ కారు చూడటానికి దర్జాగా ఉండేది. కానీ అంత పెద్ద బండికి పెట్టింది అంబాసిడర్ వాడే 1489 సీసీ ఇంజనే. సుమారు 50 అశ్వశక్తి. అక్కడ ఇంజను అరగలేదు, సరికొత్తదే. ఆ బండికి అది చాలలేదు, అంతే. 1980ల రెండో సగంలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను వచ్చాకే కాంటెస్సా తన రూపానికి తగ్గట్టు పరుగెత్తింది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఆ 1489 సీసీ ఇంజనులో సిలిండరు వెడల్పు 73 మిల్లీమీటర్లు. అరిగినప్పుడు బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టను వేస్తారు. నలభై సైజు అంటే అంగుళంలో వెయ్యింట నలభై వంతులు, సుమారు ఒక మిల్లీమీటరు. అంతదాకా పోయినా పెరిగేది సుమారు 40 సీసీలే. ఇసుజు ఇంజనుతో పెరిగింది 328 సీసీలు. కనుక బోరు పోయిన బలాన్ని తిరిగి ఇస్తుంది. లేని బలాన్ని తెచ్చిపెట్టదు. అరిగిన ఇంజనుకు బోరు, చాలని ఇంజనుకు మార్పు. ఇదీ ఈ చరిత్ర చెప్పే మాట.

ముందుగా మీ ఇంజను అరిగిందా, చాలలేదా అని తేల్చుకోండి. పెట్రోలు ఇంజనైతే కంప్రెషను కొలిపించండి. తక్కువ చూపితే ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిలు పోసి మళ్లీ కొలవమనండి. పెరిగితే లోపం రింగుల్లో, బోరులో ఉంది. పెరగకపోతే చాలావరకు వాల్వుల్లోనే. వాల్వులు కూర్చోబెడితే పోయేదానికి ఇంజను మార్చడం దండగ.

బలమైన ఇంజనే కావాలనుకుంటే, ఖర్చు ఇంజనుతో ఆగదు. క్లచ్చి, గేరుపెట్టె, రేడియేటరు, ముందు స్ప్రింగులు, అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు ఆ బలానికి తట్టుకోవాలి. బళ్లారి ఎండలో చిన్న రేడియేటరు పెద్ద ఇంజనును చల్లార్చలేదు. ఇంకొక విషయం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పులకు సంబంధించినది. ఇంజను మార్చేముందు ఆర్టీఓ కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకుని, కొత్త నంబరును ఆర్సీలో ఎక్కించుకోండి. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే బండికి ఇది మరీ అవసరం. నంబరు కలవకపోతే దారిలోనే కాదు, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గరా ఇబ్బందే.

కాంటెస్సా తయారీ 2002లో ఆగిపోయింది. మిగిలిన కొద్ది బండ్లను ముచ్చటపడి బాగుచేయించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి బండి మీ దగ్గర ఉండి, దాన్ని ఉన్నదున్నట్టు నిలుపుకోవాలనుకుంటే, అసలు ఇంజనుకే బోరు కొట్టించండి. రోజూ బరువు లాగించాలనుకుంటే మాత్రం ఇంజను, బ్రేకులు, కాగితాలు మూడింటి ఖర్చూ ఒకే కాగితం మీద వేసి కూడండి. ఆ మొత్తం చూశాకే మేస్త్రికి మాట ఇవ్వండి.