గుండిగ ఎక్కితేనే వ్యాన్

జులై మధ్యాహ్నం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, పాత వర్క్ వ్యాన్లు అమ్మే యార్డు. తెల్లటి బళ్లు వరసగా నిలబడి ఎండనంతా మన మొహం మీదకే తిప్పికొడుతున్నాయి. కాంక్రీటు వేడి చెప్పుల అడుగు నుంచి తెలుస్తోంది. అక్క చేతిలో కొలతల టేపు. బాబాయి చేతుల్లో వంటశాల నుంచి తెచ్చిన అల్యూమినియం గుండిగ.

సేల్స్‌మన్ ఆ గుండిగ వైపు అయోమయంగా చూస్తున్నాడు. బాబాయి అవేమీ పట్టించుకోకుండా గోడ దగ్గరున్న కుళాయి చూపించి, పట్టుకోవచ్చా అని సైగ చేశాడు. నలభై లీటర్లు నింపాడు. నీళ్లయినా సాంబారైనా బరువు ఇంచుమించు ఒకటే.

బాబాయి మాకు చుట్టం కాదు. అక్క కేటరింగ్‌లో పనిచేసే వాళ్లందరికీ ఆయన బాబాయే. భీమవరం మనిషి, అరవై దాటాయి. ఫ్రిస్కోలో గృహప్రవేశమైనా, ప్లేనోలో సీమంతమైనా, డౌన్‌టౌన్ హోటల్లో పెళ్లైనా గుండిగకి ఒక చెవి ఆయనే పట్టుకుంటాడు. ఇన్నాళ్లూ రెండు మినీవ్యాన్లతో నెట్టుకొచ్చారు. శ్రావణం రాకముందే పెద్ద బండి కొనాలని అక్క పట్టుదల.

"ముందు ఇది చూడు తమ్ముడూ," అంటూ అక్క షెవ్రొలే ఎక్స్‌ప్రెస్ తలుపు తీసింది. 1996 మోడల్ నుంచి దాదాపు అదే ఒడ్డూ పొడుగూ. లారీలా ఛాసిస్ మీద కూర్చోబెట్టిన బాడీ, వెనక ట్రైలర్ తగిలిస్తే 10,000 పౌండ్ల దాకా లాగే రకాలున్నాయి. గట్టి బండి, సందేహం లేదు. కానీ కప్పు ఒకే ఎత్తులో వస్తుంది. బాబాయి లోపలికెక్కి నడుం వంచే నడిచాడు, వంచే తిరిగొచ్చాడు. అక్క ఇక ధర కూడా అడగలేదు.

పక్కనే మెర్సిడెస్ స్ప్రింటర్. సీట్లో కూర్చుంటే దిగబుద్ధి కాదు. దీని వెనక కోళ్ల కథ ఒకటుంది. 1960ల మొదట్లో యూరప్ అమెరికా కోళ్ల మీద సుంకం వేసింది. దానికి బదులుగా 1964 నుంచి అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కార్గో వ్యాన్లూ ఆ లెక్కలోకే వచ్చాయి. దాంతో ఒకప్పుడు స్ప్రింటర్‌ని జర్మనీలో తయారుచేసి, విడగొట్టి, ఓడెక్కించి, సౌత్ కరొలినాలో మళ్లీ బిగించేవారు. 2018 నుంచి మొత్తం అక్కడే తయారవుతోంది. ఈ యార్డులో ఉన్నది డీజిల్‌ది. వంటశాల నుంచి హాలుకి పదీ పదిహేను మైళ్లు, అక్కడ ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా గంటలు. ఇలాంటి వాడకం డీజిల్ బండికి పడదు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కేలా హైవే మీద నడవాలి. దూరాలు తిరిగేవాళ్లకి మంచి బండి, మాకు కాదు.

మిగిలినవి రెండు. అసలు పరీక్ష ఇక్కడే.

ఫోర్డ్ ట్రాన్సిట్ వెనక తలుపులు తీశాం. కప్పులు మూడు ఎత్తుల్లో వస్తాయి, ఇది మధ్య రకం. లోపల ఆరడుగులు. అక్క నేల నుంచి ఫ్లోరు దాకా టేపు పట్టింది: 28 అంగుళాలు. వెనక చక్రాలు తిప్పే బండి కాబట్టి ఇరుసు దాకా షాఫ్ట్ కింద నుంచే పోవాలి, అందుకే ఫ్లోరు అంత ఎత్తు. నేనొక చెవి, బాబాయి ఒక చెవి. ఒకటి, రెండు, మూడు. గుండిగ మోకాళ్లు దాటి తొడల దాకా వచ్చింది. చివరి నాలుగంగుళాలకీ బాబాయి పళ్లు బిగించాడు. నీళ్లు తొణికి నా చొక్కా తడిసింది. ఎక్కించాం.

తర్వాత రామ్ ప్రోమాస్టర్, 2021 మోడల్. పుట్టుక ఫియట్ డుకాటో. ముందు చక్రాలే లాగుతాయి, ఫ్లోరు కింద షాఫ్ట్ ఉండదు. టేపు 21 అంగుళాల దగ్గర ఆగింది. అదే గుండిగ, అవే చేతులు. మోకాలి దగ్గరే ఫ్లోరు దొరికేసింది. బాబాయి వెనకే లోపలికెక్కి నిటారుగా నిలబడి, చెయ్యెత్తి కప్పు తాకి చూసుకున్నాడు. చక్రాల గూళ్ల మధ్య దాదాపు 56 అంగుళాల వెడల్పుంది. వేడి పెట్టెలు రెండు వరసలు పెట్టినా మధ్యలో మనిషి నడవొచ్చు.

"ఏడంగుళాలే కదా తేడా" అన్నాను.

"రోజుకి ముప్పైసార్లు ఎత్తి చూడు బాబూ, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు బాబాయి.

నా లెక్కలో ఇక్కడే తేలిపోయింది. కానీ అక్క అంత తేలిగ్గా వదలదు. డ్రైవర్ తలుపు తీసి, ద్వారబంధం మీది స్టిక్కర్ ముందు వంగింది. మనుషులూ సరుకూ కలిపి ఎంత మించకూడదో అక్కడ రాసి ఉంటుంది: మూడు వేల పౌండ్ల పైచిలుకు. ఫోన్‌లో కూడటం మొదలెట్టింది. మూడు వందల మందికి వంటకాలు 300 కిలోలు, పాత్రలూ స్టవ్‌లూ 250, నీళ్ల సీసాలు 150, మేం ముగ్గురం 200. మొత్తం 900 కిలోలు, అంటే రెండు వేల పౌండ్లకి కాస్త తక్కువ. సరిపోతుంది. అయితే అడ్డుగోడ, అరలు, వెనక ఏసీ బిగిస్తే వాటి బరువూ ఇందులోంచే పోతుంది. ఏసీ మానడానికి లేదు. ఈ ఊరి ఎండలో సాంబారు వేడి నిలవడం సమస్య కాదు, సమస్యంతా పెరుగుది. అది 41 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు.

బండి నడిపి చూద్దామని హైవే 183 ఎక్కాం. పక్కగాలి తగిలినప్పుడల్లా ఎత్తు కప్పు బండిని ఓ పక్కకి నెడుతోంది. అక్క రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుంది. ముందు చక్రాలు లాగే బండిలో బరువంతా వెనక కొసకి చేరిస్తే, తడి ర్యాంపు మీద ఆ చక్రాలకి పట్టు తగ్గుతుంది. గుండిగలు అడ్డుగోడకి ఆనించే కట్టాలని బాబాయి అప్పుడే తేల్చేశాడు. బయటి ఎత్తు దాదాపు 8 అడుగుల 4 అంగుళాలు. 8 అడుగుల 2 అంగుళాల బోర్డున్న హోటల్ సెల్లార్లోకి ఇది పట్టదు, వెనకున్న లోడింగ్ డాక్‌కే పోవాలి.

యార్డుకి తిరిగొచ్చాక అక్క నాలుగు టైర్ల గాళ్లలోనూ వేలు పెట్టి చూసింది. లాగేవీ తిరిగేవీ ముందువే కదా, అవే ఎక్కువ అరిగాయి.

"ముందు రెండు టైర్లూ కొత్తవి వేసివ్వండి. రేపు పొద్దున మా మెకానిక్ వచ్చి కింద దూరి చూస్తాడు, గేర్‌బాక్స్ నూనె రంగు చూస్తాడు. సంతకం ఆ తర్వాతే" అని సేల్స్‌మన్‌కి ఇంగ్లిష్‌లో చెప్పి, మా వైపు తిరిగి తెలుగులో, "టైర్లు ఇవ్వకపోతే ఐదొందలు తగ్గించమందాం" అంది.