కొలతల అంకెలు: యోగమూ, రూఢీ

పదాలు అర్థాన్నిచ్చే తీరును మన శాబ్దికులు ప్రధానంగా మూడు విధాలుగా విభజించారు. అవయవాల అర్థమే మొత్తం అర్థమైనది యౌగికం; పచనం చేసేవాడు పాచకుడు. అవయవార్థంతో పనిలేక వాడుకే అర్థంగా నిలిచినది రూఢం. కుశలుడంటే మొదట కుశలు, అనగా దర్భలు, కోసి తెచ్చేవాడట. నేడా దర్భల ఊసు ఎవరికీ లేదు, నేర్పరి అన్న అర్థమే మిగిలింది. ఈ రెండూ కలిసినది యోగరూఢం. బురదలో పుట్టినవి ఎన్ని ఉన్నా పంకజం తామర ఒక్కటే. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు ఈ పాఠం చెబుతూనే ఉన్నాను. ఇదే విభాగం బట్టల లోపల కుట్టే కొలతల చీటీకి కూడా చక్కగా అతుకుతుందని ఈమధ్య తోచింది.

చైనాలో కుట్టిన ఒక ఆడవారి దుస్తు మీద 160/84ఏ అని ఉంటుంది. ఇంచుమించు అదే ప్రమాణానికి జపానులో 9ఏఆర్ అంటారు. కొరియాలో 55 అంటారు. అమెరికాలో ఏదో చిన్న సరిసంఖ్య. అంతర్జాలంలో బట్టలమ్మేవారు ఒక దేశపు అంకెను మరొక దేశపు అంకెలోకి మార్చే పట్టికను సరుకు పక్కన పెడతారు. ఇద్దరు వర్తకుల పట్టికలు ఒకదానితో ఒకటి పొసగవు. కొన్నవారికి పట్టదు, తిప్పి పంపుతారు. రానూపోనూ అయ్యే ఖర్చు చిన్న వర్తకుడి లాభాన్ని మింగేస్తుంది. ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చరిత్రలో వెతకడమే ఈ టపా ఉద్దేశం.

దర్జీ ఎదుట మనిషి నిలబడి ఉన్నంతకాలం ఈ బాధ లేదు. అంకెలున్న టేపు వాడుకలోకి రాకమునుపు ఐరోపా దర్జీలు ఒక్కొక్కరికి ఒక్కొక్క పొడవాటి పట్టీ ఉంచుకొని, భుజం ఇంత, చేయి ఇంత అని దాని మీద గంట్లు పెట్టుకునేవారు. అందులో అంకె లేదు, ఆ మనిషి ఒడ్డూ పొడుగూ మాత్రమే ఉన్నాయి. మన ఆడవారు కొత్త రవిక కుట్టించుకోవడానికి దర్జీకిచ్చే ‘ఆది’ కూడా అటువంటిదే. సరిగ్గా అమరిన పాత రవికే కొత్తదానికి కొలత. ఆ రవికకు సంఖ్య ఎందుకు?

మనిషి కనబడకుండా బట్ట కుట్టవలసి వచ్చినప్పుడే అంకె కావలసివచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) లక్షలాది సైనికులకు ఒక్కసారిగా దుస్తులు కావలసివచ్చి, కొలతల సముదాయాలు తయారయ్యాయి. అటుపైన మగవారి కోటుకు ఛాతీ చుట్టుకొలతే పేరయింది. 40 అంటే 40 అంగుళాల ఛాతీ. ఇది శుద్ధ యౌగికం.

ఆడవారి విషయంలో కథ వేరు. ఇరవయ్యవ శతాబ్దారంభపు అమెరికా దుకాణాల జాబితాలలో పెద్దవారి దుస్తులకు ఛాతీ అంగుళాలుండగా, కన్నెపిల్లల దుస్తులకు వయసే కొలత: 14, 16, 18. అనగా 16 అంటే పదహారేళ్ళ పిల్లకు పట్టేది. ఒకే ఈడు పిల్లలందరూ ఒకే ఒళ్ళుతో ఉండరన్నది ఏ తల్లిని అడిగినా చెబుతుంది. క్రమంగా ఆ అంకెను ఎదిగిన స్త్రీలకూ వాడసాగారు. వయసు జారిపోయింది, అంకె మిగిలింది. కుశలుడి చేతిలోని దర్భలు జారిపోయినట్లే.

దీనివల్ల ముందుగా దెబ్బతిన్నవారు తపాలా వర్తకులు. మాంట్‌గోమరీ వార్డ్ షికాగోలో 1872లో జాబితా అచ్చువేసి, ఎక్కడో పల్లెలో ఉన్న రైతు కుటుంబానికి సరుకు పంపడం మొదలుపెట్టాడు. తరువాత సియర్స్ రోబక్ వారూ అదే బాట పట్టారు. కొనేవారు అమ్మేవారికి కనబడరు. బట్ట కొనేవారి చేతికి అందదు. నమ్మదగినది చీటీ మీది అంకె ఒక్కటే. నేటి అంతర్జాల వర్తకుడి స్థితి సరిగ్గా ఇదే. అందువల్ల ఇది కొత్త జబ్బు కాదు, ముత్తాతల నాటిది.

ఈ గందరగోళానికి శాస్త్రీయమైన మందు వెతకడానికి అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గృహవిజ్ఞాన విభాగం పూనుకుంది. రూత్ ఓబ్రియన్, విలియం షెల్టన్‌ల ఆధ్వర్యంలో 1939–40లో సుమారు 15 వేలమంది స్త్రీలను, ఒక్కొక్కరిని 59 చోట్ల, కొలిపించారు. ఫలితాలు 1941లో వెలువడ్డాయి. ఇంత శ్రద్ధ పడిన ఈ కొలతలోనూ పెద్ద వెలితి ఉంది. శ్వేతజాతి స్త్రీల కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు. తక్కినవారిని కొలిచిన చోట కూడా వాటిని పక్కన పెట్టారు. కొలిపించుకున్నవారికి కొద్దిపాటి డబ్బిచ్చారు గనుక, ఆ గడ్డురోజులలో వచ్చినవారిలో పేదవారు ఎక్కువని తరువాతివారు ఎత్తిచూపారు. ఒక దేశపు స్త్రీలందరికీ సరిపోవాలన్న ప్రమాణం కొందరి దేహాల మీద నిలిచింది. కొలతలో లేనివారికి కొలువులో చోటు ఉండదు కదా.

యుద్ధానంతరం తపాలా వర్తకుల సంఘం కోరిక మీద అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఆ లెక్కలకు సైన్యంలోని స్త్రీల కొలతలను కూడా చేర్చి, 1958లో ఒక వాణిజ్య ప్రమాణాన్ని ప్రకటించింది. అందులో 8 నుంచి 38 వరకు సరిసంఖ్యలు, పొడవును తెలిపే అక్షరాలు, తుంటిని తెలిపే గుర్తులు ఉన్నాయి. 8 అంటే ఛాతీ 31 అంగుళాలు, నడుము 23.5. అంకె స్వయంగా ఏ అవయవాన్నీ చెప్పకపోయినా, పట్టిక చూస్తే అర్థం నిశ్చయమయ్యేది. వ్యాకరణంలో ఇటువంటివాటిని పారిభాషిక పదాలంటాం. ‘ద్రుతం’, ‘కళ’ అన్న మాటలకు లోకంలో ఏ అర్థమున్నా, సూత్రకారుడు చెప్పినదే శాస్త్రంలో అర్థం. అయితే పరిభాష నిలవాలంటే అందరూ సూత్రానికి కట్టుబడాలి. కట్టుబడవలసిన నిర్బంధం అక్కడ లేదు.

ఇక్కడొక చోద్యం చూడండి. 1959లో ఇంగ్లీషు మాట్లాడే ప్రధాన దేశాలు కూడబలుక్కొని అంగుళాన్ని సరిగ్గా 2.54 సెంటీమీటర్లుగా స్థిరపరచాయి. వేలి వెడల్పు నుంచి పుట్టిన అంగుళం ఇక రేణువంతైనా కదలలేదు. దానికి ఏడాది ముందు స్థిరపరచిన 8 మాత్రం ఊరేగుతూ పోయింది. 1970 దశాబ్దారంభంలో ప్రమాణాన్ని సవరించారు. 1983లో ప్రభుత్వం దానిని ఉపసంహరించుకుంది. పెద్ద దుస్తుకు చిన్న అంకె వేస్తే కొనే స్త్రీ సంతోషిస్తుందని వర్తకులు గ్రహించారు. దీనిని ముఖస్తుతి కొలత అనవచ్చు. 1995లో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ కొత్త పట్టిక తెచ్చింది, 2011లో సవరించింది. దాని ప్రకారం 8 అంటే ఛాతీ సుమారు 36 అంగుళాలు. అర్ధశతాబ్దంలో పేరు మారలేదు, అర్థం 5 అంగుళాలు ఒళ్ళు చేసింది. పైగా ఆ పట్టిక ఐచ్ఛికం. ఒక్కొక్క సంస్థ 8 ఒక్కొక్క తీరు.

ఇక తూర్పు దేశాలకు వద్దాం. చైనాలో 1970 దశకం మధ్యలో 21 రాష్ట్రాలలో, నగరాలలో సుమారు 4 లక్షలమందిని కొలిచి, 1981లో జాతీయ ప్రమాణం రూపొందించారు. 1991 సవరణలో దేహాకృతిని తెలిపే అక్షరం చేరింది. 160/84ఏ అంటే 160 సెంటీమీటర్ల పొడవు, 84 సెంటీమీటర్ల ఛాతీ. స్త్రీలకు ‘ఏ’ అంటే ఛాతీకీ నడుముకూ తేడా 14 నుంచి 18 సెంటీమీటర్లు. విగ్రహవాక్యం చెప్పినట్లు విడదీసి చదువుకోవచ్చు. యౌగికానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అంకె తొడిగే దేహానిదే గాని, దుస్తుది కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

జపానువారిది నేటికీ చెదరని పరిభాష. వారి ప్రమాణంలో 9 అంటే 83 సెంటీమీటర్ల ఛాతీ. 7 అయితే 80, 11 అయితే 86. ‘ఏ’ సామాన్యమైన తుంటిని, ‘ఆర్’ 158 సెంటీమీటర్ల పొడవును తెలుపుతాయి. అంకెకు ఛాతీతో పోలిక లేదు, కాని సూత్రం తెలిసినవారికి సందేహమూ లేదు.

కొరియాది అన్నిటికంటే రసవత్తరమైన కథ. 1981 ప్రమాణంలో యువతుల సగటు పొడవు 155, ఛాతీ 85 అని తీసుకొని, రెండింటి చివరి అంకెలను కలిపి 55 అన్నారు. దానికి పొడవులో 5, ఛాతీలో 3 సెంటీమీటర్లు తగ్గిస్తే 44. అంతే పెంచితే 66, ఆపైన 77. 55 యౌగికంగా పుట్టింది. తక్కినవి దాని వరుస పట్టుకొని వచ్చిన పేర్లే గనుక వాటికి అవయవార్థం అడగరాదు: 66 కొలత 160, 88. 1990లో ఈ పద్ధతిని అధికారికంగా రద్దు చేశారు. అయినా కొరియా స్త్రీల నోట 44, 55, 66 అన్న మాటలు పోలేదు. శాసనం పోయినా వాడుక పోదు. దానినే కదా మనం రూఢి అన్నది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమెరికా 8ని ఆసియా కొలతలోకి ఎలా మార్చాలి? అంకెకు అంకె వెతకడం, నిఘంటువు ముందు పెట్టుకొని మాటకు మాట అనువదించడం వంటిది. మధ్యలో అర్థం గుండా పోవాలి. ఇక్కడ అర్థం దేహం. 2011 పట్టికను అనుసరించిన 8 అనుకుందాం. ఛాతీ 36 అంగుళాలు, 2.54తో గుణిస్తే 91.4 సెంటీమీటర్లు. చైనా వరుస 80, 84, 88, 92 గనుక 170/92ఏ. జపానులో 92 సెంటీమీటర్లకు 15. కొరియాలో 91కి 77. అమెరికాలో 8ని సాధారణంగా ఎం అంటారు. చైనా వర్తకులు 160/84ను ఎం, 165/88ను ఎల్, 170/92ను ఎక్స్ఎల్ అనడం పరిపాటి. అమెరికా ఎం చైనా ఎక్స్ఎల్‌గా తేలింది. “ఆసియా సరుకైతే రెండు మెట్లు పైకి కొనండి” అన్న నానుడికి మూలం ఇదే. అయితే 1958 నాటి 8కి ఈ లెక్క చేస్తే 78.7 సెంటీమీటర్లే, అనగా 80కి కూడా లోపలే వస్తుంది. కాబట్టి రెండు మెట్లన్నది ప్రకృతి నియమం కాదు. ఎవరి 8 అన్నదాని మీద ఆధారపడే వాడుక మాత్రమే. ఇంకొక సంగతి: 170/92ఏ కుట్టినవాడు 170 సెంటీమీటర్ల మనిషిని ఊహించి చేయి పొడవు పెట్టి ఉంటాడు. మనిషి పొట్టి అయితే ఛాతీ సరిపోయినా చేతులు వేలాడతాయి.

అందువల్ల దూరంగా ఉన్నవారికి బట్టలమ్మే మిత్రులకు నా మనవి ఇంతే. పట్టికలో అంకె పక్కన ఛాతీ, నడుము, తుంటి, భుజం, పొడవులను సెంటీమీటర్లలోనూ అంగుళాలలోనూ ఇవ్వండి. అవి దేహానివో, దుస్తువో స్పష్టంగా రాయండి. దుస్తులో వదులు కలిసి ఉంటుంది, దేహంలో ఉండదు. కొనేవారు తమకు బాగా అమరిన బట్టను బల్ల మీద పరచి టేపుతో కొలిచి, దుస్తు కొలతతోనే పోల్చుకోవాలి. ఇది మన ఆది రవిక పద్ధతి తప్ప వేరు కాదు. ఇంత యంత్రసామగ్రి వచ్చాక కూడా అంతకంటే నమ్మకమైన ఉపాయం నాకు కనబడలేదు.

మన దేశానికి సొంత ప్రమాణం కావాలన్న సంకల్పంతో కేంద్ర జౌళి శాఖ, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 2018లో ఇండియాసైజ్ అనే కొలతల సర్వేను ప్రకటించాయి. 15 నుంచి 65 ఏళ్ళ లోపువారిని 25 వేలమందిని, ఆరు నగరాలలో, దేహాన్ని తాకకుండా కొలిచే యంత్రాలతో కొలవాలన్నది ఆలోచన. ఆ ఆరింటిలో మన హైదరాబాదు ఒకటి. ఓబ్రియన్, షెల్టన్‌ల చరిత్ర చదివినవారికి వెంటనే తోచే ప్రశ్న ఒకటుంది: నగరాలకు రాని పల్లెటూరి స్త్రీ దేహం ఈ అంకెలలో ఎంతవరకు కనబడుతుంది?

చివరిగా ఒక మాట. అమెరికాలో ఎం తొడిగే మన ఆడపిల్ల ఆసియా సరుకు తెప్పించుకొని, చీటీ మీద ఎక్స్ఎల్ చూసి చిన్నబుచ్చుకోవడం వింత కాదు. అమ్మాయీ, ఆ చీటీ నీ దేహం మీద తీర్పు కాదు. ఎప్పుడో, ఎక్కడో, ఎవరినో కొలిచి పెట్టుకున్న పేరు అది. అర్థం నీ దగ్గర ఉంది, టేపు తీసి చూసుకో.

కుట్టుపనిలోనో, ఈ వర్తకంలోనో అనుభవమున్న మిత్రులు తమకు తెలిసిన సంగతులు చెబితే ఆనందిస్తాను.